రంగుటద్దాల పనిలో అతుకు దోషాలు: కారణాలు, నివారణోపాయాలు

గాజు పెళుసైనది, లోహం సాగునట్టిది. గాజు వెలుగును తన గుండా పోనిస్తుంది, లోహం దానిని అడ్డగిస్తుంది. ఇట్టి భిన్న స్వభావాలు గల రెండు పదార్థాలను ఒకదానితో ఒకటి కలిపి, ఒకే చిత్రంగా నిలబెట్టే విద్య రంగుటద్దాల పని. చూచేవారి కన్ను సహజంగా రంగులపైననే నిలుస్తుంది. కాని ఆ చిత్రం పదికాలాలపాటు నిలుస్తుందా, రెండు వేసవులకే కూలిపోతుందా అన్నది రంగులను బట్టి గాక వాటి నడుమనున్న సన్నని లోహపు గీతలను బట్టి నిర్ణయమవుతుంది. ఆ గీతలలో ఏర్పడే దోషాలను, వాటి కారణాలను, సవరించుకొనే మార్గాలను విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతంలో రంగుటద్దాల మాట ఎత్తగానే అందరికీ మొదట స్ఫురించేది మెదక్ చర్చి. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రారంభోత్సవం జరుపుకొన్న ఆ మందిరంలోని మూడు పెద్ద కిటికీలకు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేశాడు. ఏసుక్రీస్తు ఆరోహణాన్ని చూపే కిటికీ 1927లోను, జననాన్ని చూపేది 1947లోను, శిలువ ఘట్టాన్ని చూపేది 1958లోను అమర్చబడినవి. బోరంచ, నారాయణఖేడ్ పరిసరాల నుండి అక్కడికి వెళ్ళి వచ్చిన విద్యార్థులు అనేకులు. బయటినుండి చూచినప్పుడు మసకగా, నల్లగా కనిపించే ఆ కిటికీలు లోపలినుండి పగటి వెలుతురులో చూచినప్పుడు జీవకళతో వెలుగుతాయి. చిత్రాన్ని ఆనందించదలచినవారు రంగులను చూస్తే చాలు. పని నేర్చుకొనదలచినవారు మాత్రం ఆ రంగులను పట్టి ఉంచిన నల్లని గీతలను చూడాలి.

రెండు పద్ధతులు

గాజు ముక్కలను కలపడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నవి. మొదటిది సీసపు బద్దల పద్ధతి. ఇది అనేక శతాబ్దాల నాటిది. ఇంగ్లీషు అక్షరమాలలోని ‘హెచ్’ ఆకారంలో రెండు వైపులా గాడి గల సీసపు బద్దలలో గాజు ముక్కలను ఇమిడ్చి, బద్ద మరొక బద్దతో కలిసే చోట్ల మాత్రమే అతుకుతారు. తరువాత గాడులలోని సందులను లప్పం వంటి ముద్దతో పూడుస్తారు. దేవాలయాల కిటికీల వంటి పెద్ద పనులకు తరతరాలుగా వాడుకలో ఉన్నది ఇదే.

రెండవది రాగి రేకు పద్ధతి. ప్రతి గాజు ముక్క అంచు చుట్టూ జిగురు పూసిన పలుచని రాగి రేకు పట్టీని చుట్టి, ముక్కలను పక్కపక్కన పేర్చి, రేకుల వెంట పొడవునా సోల్డరు కరిగించి పోస్తారు. చిన్న చిన్న ముక్కలతో, వంపులతో కూడిన దీపపు గొడుగులకు, చిన్న పలకలకు ఇది అనువైనది. న్యూయార్కుకు చెందిన లూయీ కంఫర్ట్ టిఫనీ (1848–1933) సంస్థలో తయారైన దీపాల వలన ఈ పద్ధతికి ప్రపంచఖ్యాతి కలిగింది. ఆ ప్రసిద్ధ దీపాలలో అనేకం క్లారా డ్రిస్కాల్ (1861–1944) అనే మహిళ రూపకల్పన చేసినవని, ఆమె ఆధ్వర్యంలో పనిచేసిన స్త్రీలే గాజును ఎంచి, కోసి, రేకు చుట్టేవారని ఆమె లేఖల ద్వారా లోకానికి వెల్లడైనది. 2007లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ వారు ఈ విషయంపై ఒక ప్రదర్శననే ఏర్పాటు చేశారు. ఓర్పు, నిదానం గల చేతులకు ఈ విద్యలో ఎంతటి స్థానమున్నదో మన విద్యార్థినులు గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

సీసపు బద్దల పనిలో అతుకు కొన్ని చోట్లనే ఉంటుంది. రాగి రేకు పనిలో అతుకు చిత్రమంతటా ఉంటుంది. కనుకనే అతుకు దోషాలు ఈ పనిలో అధికంగా కనిపిస్తాయి.

కళాయి నేర్పే పాఠం

సోల్డరింగు అనే పేరు కొత్తదే గాని పని మనకు కొత్తది కాదు. మన కంసాలులు దీనిని మాటు వేయడమంటారు. ఉర్దూలో టాంకా అంటారు. అంతకంటె దగ్గరి పోలిక కళాయి పని. స్టీలు పాత్రలు వ్యాపించిన తరువాత అరుదైనది గాని, ఒకప్పుడు కళాయి పూసేవారు ఊరూరా తిరిగి, నేలలో గుంట తీసి, తిత్తితో బొగ్గులు రగిల్చి, రాగి, ఇత్తడి పాత్రలకు లోపలి పూత వేసేవారు. ఆ పనిలోని క్రమాన్ని గమనించండి. మొదట పాత్రను ఇసుకతో మెరిసేటట్లు తోముతారు. తరువాత కొలిమిపై కాస్తారు. కాగిన పాత్రలో నవాసాగరం, అనగా ఉర్దూలో నౌసాదర్, పొడిగా చల్లుతారు. తెల్లని పొగ లేస్తుంది. వెంటనే తగరపు కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూదితో పాత్ర అంతటా రుద్దుతారు. క్షణంలో పాత్ర వెండివలె మెరుస్తుంది.

ఈ క్రమంలో ఏ ఒక్కటి తప్పినా తగరం అంటదు. కారణమేమి? గాలి తగిలిన రాగిపై కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. కరిగిన తగరం ఆ పొరపై తామరాకు మీది నీటిబొట్టువలె గుండ్రంగా నిలిచి దొర్లిపోతుంది. నవాసాగరం వేడికి విడిపోయి ఆమ్లగుణం గల వాయువునిచ్చి, ఆ పొరను తొలగిస్తుంది. నగ్నమైన రాగి బయటపడగానే తగరం దానిపై పరచుకొని, రెండింటి సరిహద్దున రాగి, తగరం కలిసిన ఒక పలుచని సమ్మేళనపు పొర ఏర్పడుతుంది. నిజమైన అతుకు అదే. నవాసాగరం వంటి పదార్థాన్ని రసాయనశాస్త్ర గ్రంథాలు ద్రవకారి అంటాయి. బజారులో ఫ్లక్స్ అంటారు.

రంగుటద్దాల అతుకులో జరిగేది కూడా ఇదే. కనుక దోషం కనిపించినప్పుడల్లా నాలుగు ప్రశ్నలను ఇదే వరుసలో వేసుకోవాలి. రేకు శుభ్రంగా ఉన్నదా? ద్రవకారి తగినంత ఉన్నదా? వేడి సరిపోయినదా? ముక్కల నడుమ సందు సరిగా ఉన్నదా? ఈ నాలుగింటిని విచారించకుండా దోషంపై మరికొంత సోల్డరు పోయడం పుండును కడగకుండా కట్టు కట్టడం వంటిది.

సామగ్రి విషయం

సోల్డరు తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం. శుద్ధ తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, శుద్ధ సీసం సుమారు 327 డిగ్రీల వద్ద కరుగుతాయి. వింతయేమనగా రెండూ కలిసినప్పుడు అంతకంటె తక్కువ వేడికే, అనగా 183 డిగ్రీల వద్దనే కరగడం మొదలవుతుంది. నూటికి 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం గల సోల్డరు సుమారు 190 డిగ్రీలకు పూర్తిగా ద్రవమవుతుంది. చెరి సగం గల సోల్డరు పూర్తిగా ద్రవం కావడానికి సుమారు 215 డిగ్రీలు కావాలి. ఈ నడిమి వేడిలో అది ముద్దగా ఉంటుంది. అందుచేత పైకి కనిపించే నున్నని అతుకుకు 60–40 రకమే మేలు.

రేడియో మరమ్మతు దుకాణాలలో దొరికే సోల్డరు తీగ లోపల గుగ్గిలం వంటి ద్రవకారి నిండి ఉంటుంది. అది ఈ పనికి తగదు. కాలిన జిగురు గాజుపై అంటి వదలదు. లోపల ఏమీ లేని గట్టి తీగనే వాడి, ద్రవకారిని వేరుగా కుంచెతో పూయాలి.

రేడియో పనికి వాడే 25 వాట్ల సోల్డరింగు ఐరను కూడా ఇక్కడ పనికిరాదు. రాగి రేకు, సోల్డరు దాని వేడిని క్షణంలో లాగివేస్తాయి. 80 నుండి 100 వాట్ల శక్తి గలది, వేడిని అదుపులో ఉంచే ఏర్పాటు గలది ఉండాలి. మొన వేడి సుమారు 370 నుండి 400 డిగ్రీల మధ్య ఉంటే పని సాగుతుంది. మొనకు ఎల్లప్పుడు సోల్డరు పూత మెరుస్తూ ఉండాలి, అనగా మొనకు కూడా కళాయి ఉండాలి. నల్లబడిన మొన ఎంత కాగినా వేడిని అందించదు. దానిని తడి స్పంజితో తుడిచి, నవాసాగరపు దిమ్మపై రుద్ది, తిరిగి సోల్డరు పట్టించాలి. ఆకురాయితో రాయరాదు. మొనపైనున్న ఇనుపపూత పోతే లోపలి రాగి త్వరగా తినివేయబడుతుంది.

దోషాలు, వాటి చికిత్స

1. సోల్డరు పట్టకపోవడం: సోల్డరు గుండ్లుగా మారి దొర్లిపోతుంది. రేకు చిలుము పట్టినది, లేక చేతి జిడ్డు అంటినది, లేక ద్రవకారి ఎండిపోయినది అని గుర్తు. కొన్ని సమయాలలో పట్టీ తప్పుగా మడతపడి జిగురు పైకి వస్తుంది. జిగురుపై సోల్డరు నిలువదు. రేకును సన్నని ఉక్కు పీచుతో మెల్లగా రుద్ది, గుడ్డతో తుడిచి, ద్రవకారి పూసి, మళ్ళీ ప్రయత్నించాలి. రేకు చుట్టిన పనిని వారాల తరబడి ఉంచక, వీలైనంత త్వరగా అతకడం ఉత్తమం. ఉంచక తప్పకపోతే గాలి చొరని సంచిలో భద్రపరచాలి.

2. అతుకు గరుకుగా, ముళ్ళు తేలి ఉండడం: వేడి చాలలేదని, లేక ఐరనును చటుక్కున ఎత్తినారని అర్థం. ద్రవకారి ఆవిరైపోయిన అతుకును మాటిమాటికీ కాచినా ఇదే ఫలితం. మళ్ళీ కొద్దిగా ద్రవకారి పూసి, మొనలోని వెడల్పు భాగాన్ని అతుకుపై ఆనించి, సోల్డరు నీటివలె మెరిసేంతవరకు నిలిపి, ఆపై ఒకే వేగంతో ముందుకు నడపాలి. ఐరనును నిలువుగా, నెమ్మదిగా పైకి తీయాలి. కుంచెతో రంగు పూసినట్లు ముందుకు వెనుకకు రాయడం తగదు.

3. అతుకు చదునుగా, పల్చగా ఉండడం: రాగి ఛాయ కనిపిస్తుంటే సోల్డరు చాలలేదు. మంచి అతుకు రేకు వెడల్పంతా కప్పి, నడుమ కొద్దిగా ఉబికి ఉంటుంది. ఈ ఉబుకు అందానికి మాత్రమే కాదు, బలానికి కూడా. ఇక్కడ చిన్న లెక్క చూడండి. సాధారణ గాజు మందం 3 మిల్లీమీటర్లు. పట్టీ వెడల్పు సుమారు 5.5 మిల్లీమీటర్లు అనుకుందాం. అంచును కప్పగా మిగిలిన 2.5 మిల్లీమీటర్లు రెండు ముఖాలకు సమంగా, అనగా ఒక్కొక్క వైపు 1.25 మిల్లీమీటర్లు రావాలి. పట్టీ ఒక వైపుకు జరిగితే రెండవ వైపు అతుకుకు ఆధారమే ఉండదు. కనుక పల్చని అతుకుకు కారణం కొన్నిసార్లు సోల్డరులో గాక, చాలా ముందుగా పట్టీ చుట్టిన తీరులోనే ఉంటుంది.

4. సోల్డరు వెనుకకు కారిపోవడం: ముక్కల నడుమ సందు ఎక్కువైనప్పుడు, లేక ఒకే చోట ఎక్కువసేపు కాచినప్పుడు సోల్డరు క్రిందికి జారి వెనుకవైపు బొట్లుగా గడ్డకడుతుంది. గాజును గీసిన గీతకు సరిగా కోయడం, అరగదీయడం మొదటి నివారణ. సందు తప్పనప్పుడు దానిలో సన్నని రాగి తీగను ఇమిడ్చి, తక్కువ వేడితో ముందుగా సందును పూడ్చి, అది చల్లారిన తరువాత పై అతుకు పోయాలి. ఒక ముఖం పూర్తయిన వెంటనే పలకను తిప్పి రెండవ ముఖం మొదలుపెట్టరాదు. వేడిగా ఉన్న మొదటి అతుకు మళ్ళీ కరగడానికి కొద్దిపాటి వేడి చాలును.

5. చిటపటలు, అతుకులో గుంటలు: ద్రవకారి మితిమీరినప్పుడు, లేక కడిగిన గాజు సందులలో నీరు మిగిలినప్పుడు అది మరిగి ఆవిరై సోల్డరును చీల్చుకొని వస్తుంది. చూచేవారి ముఖంపై చింది కన్నుకు హాని చేయవచ్చు. కంటి అద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోరాదు. ద్రవకారిని తడిపేంత మాత్రమే పూయాలి. గుంటలు పడిన చోట, సందులో చిక్కిన తేమ ఆరిన తరువాత మరొకసారి నెమ్మదిగా కాచి సరిచేయాలి.

6. రేకు లేచిపోవడం: అరగదీసిన తరువాత గాజు అంచుపై మిగిలిన పొడి, కోతకు వాడిన నూనె దీనికి ముఖ్య కారణాలు. జిగురు గాజును పట్టక పొడిని పట్టుకుంటుంది. ప్రతి ముక్కను సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పట్టీ చుట్టిన పిదప నున్నని వెదురు పుల్లతో అంచులను గట్టిగా రుద్ది అంటించాలి. ఎక్కువసేపు కాచినప్పుడు జిగురు మెత్తబడి కూడా రేకు లేస్తుంది. లేచిన రేకును సోల్డరుతో కప్పిపుచ్చరాదు. ఆ ముక్కను విడదీసి, కొత్త పట్టీ చుట్టడమే తగిన చికిత్స.

7. గాజు పగలడం: గాజు వేడిని త్వరగా పంచుకోలేదు. ఒక చోట కాగి వ్యాకోచిస్తే, చల్లగా ఉన్న పక్క భాగం దానిని అనుసరించలేదు. ఈ పెనుగులాటలో బీట పడుతుంది. లోపలికి తిరిగిన వంపులు, కోసుగా ఉన్న మూలలు ముందుగా పగులుతాయి. ఒకే చోట ఐరనును నిలపక ముందుకు సాగాలి. ఒకసారిలో సరిపడని అతుకును చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. కాగిన పలకపై విసురుగా గాలి తగలనీయరాదు, తడి గుడ్డ వేయరాదు.

8. కొన్నాళ్ళకు తెల్లని పొడి రావడం: పని ముగిసిన రోజున అతుకు వెండివలె మెరుస్తుంది. కొన్ని వారాలకు దానిపై తెల్లని పొడి తేలుతుంది. పోకుండా మిగిలిన ద్రవకారి, గాలిలోని తేమ కలిసి లోహాన్ని తినివేయగా ఏర్పడిన లవణాలవి. వాటిలో సీసపు లవణాలు ఉంటాయి గనుక దానిని పొడిగా దులపరాదు, నోటితో ఊదరాదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయాలి. పని ముగిసిన నాడే సబ్బునీటితోను, కొద్దిగా వంటసోడా కలిపిన నీటితోను కడిగి, మంచినీటితో తొలిచి, ఆరబెట్టి, పలుచగా మైనం పూసినచో ఈ దోషం చాలావరకు రాదు.

9. రంగు సమంగా పట్టకపోవడం: అతుకుకు రాగి ఛాయ తేవడానికి మైలుతుత్తపు ద్రావణం వాడుతారు. సోల్డరులోని లోహం ద్రావణంలోనికి పోగా, ద్రావణంలోని రాగి బయటపడి అతుకుపై పూతగా కూర్చుంటుంది. తరగతిలో చదివే స్థానభ్రంశ చర్యకు ఇది చక్కని ఉదాహరణ. జిడ్డు, మైనం, పాత ద్రవకారి ఉన్న చోట ఈ చర్య జరగదు గనుక మచ్చలు పడతాయి. మన పొరుగుననే ఉన్న బీదరులో బిద్రీ పనివారు నవాసాగరం, పాత కోట మట్టి కలిపి జస్తపు మిశ్రమలోహానికి నలుపు తెస్తారు. వెండి నగిషీ మాత్రం తెల్లగా నిలుస్తుంది. అక్కడనూ లోహాన్ని నున్నగా, శుభ్రంగా చేసిన తరువాతనే ఆ పూత. మైలుతుత్తం విషమైనది. రబ్బరు తొడుగులు లేకుండా ముట్టరాదు.

10. వేలాడదీసిన పలక సాగి, జారిపడడం: దోషాలన్నింటిలోను అపాయకరమైనది ఇదే. 3 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు సుమారు 7.5 కిలోల బరువు తూగుతుంది. 60 సెంటీమీటర్ల చదరపు పలకలో గాజు బరువే 2.7 కిలోలు. లోహపు బరువు దీనికి అదనం. సోల్డరు మెత్తని లోహం. నిలకడగా బరువు పడితే మామూలు వేడిలోనే అది మెల్లమెల్లగా సాగుతుంది. మన వేసవి ఎండ పడే కిటికీలో మరింత త్వరగా సాగుతుంది. చాలామంది చేసే పొరపాటు కొక్కాన్ని పలక అంచు రేకుపైననే అతకడం. అంచు రేకును గాజుకు పట్టి ఉంచేది జిగురు మాత్రమే. ఏదో ఒక నాడు రేకు చిరిగి పలక మొత్తం క్రింద ఉన్నవారిపై పడుతుంది. కొక్కాన్ని పలక లోపలికి సాగే అతుకు అంచును కలిసే చోట అమర్చి, దాని తీగను ఆ అతుకు వెంట కొంత దూరం లోపలికి పోనిచ్చి అతకాలి. పెద్ద పలకకు చుట్టూ జస్తపు లేక ఇత్తడి చట్రం ఉండాలి. బరువు చట్రంపై పడాలి గాని సోల్డరుపై పడరాదు.

కారణం కనుగొనే విధానం

దోషం కనిపించగానే ఐరను, ద్రవకారి, సోల్డరు అన్నీ ఒక్కసారిగా మార్చివేయడం చాలామందికి అలవాటు. అప్పుడు దోషం పోయినా ఏది కారణమో తెలియదు. తెలియనందున అదే దోషం మళ్ళీ వస్తుంది. ప్రయోగశాలలో మనం పాటించే నియమమే ఇక్కడనూ పాటించాలి. నాలుగు అంగుళాల పొడవు గల వ్యర్థపు గాజు ముక్కలను జతలు జతలుగా తీసుకొని, రేకు చుట్టండి. మొదటి జతకు అన్నీ యథావిధిగా చేయండి. రెండవ జతకు ఉక్కు పీచుతో రుద్దడం మాత్రం మానండి. మూడవ జతకు ద్రవకారి పూయకండి. నాలుగవ దానికి ఐరను వేడి తగ్గించండి. అయిదవ దాని నడుమ రెండు మిల్లీమీటర్ల సందు ఉంచండి. ఒక్కొక్క దానిపై ఏమి చేసినదీ చీటీ అంటించి గోడకు తగిలించండి. దోషం ఎదురైనప్పుడు ఆ అయిదింటి పక్కన మీ పనిని పెట్టి పోల్చి చూడండి. వ్యర్థపు గాజుతో తయారైన ఈ పాఠ్యపుస్తకానికి వెల లేదు.

ఆరోగ్య రక్షణ

సీసం విషయంలో అశ్రద్ధ కూడదు. శరీరంలో ఇంత సీసమున్నా ఫరవాలేదు అనదగిన పరిమితి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు, గర్భవతులకు అది అధిక హానికరం. సోల్డరింగు వేడిలో సీసం ఆవిరి కావడం అత్యల్పం. లేచే పొగ ప్రధానంగా ద్రవకారిది. అయినా అది ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక గాలి ధారాళంగా వచ్చే గదిలో, పొగ ముఖం వైపు రాకుండా కూర్చోవాలి. సీసం ముఖ్యంగా చేతుల ద్వారా నోటిలోనికి పోతుంది. పని చేసే బల్లపై టీ త్రాగడం, బీడీ కాల్చడం, రొట్టె తినడం పూర్తిగా మానాలి. లేచిన వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. వంటింటిని పనిగదిగా మార్చరాదు.

ఇక్కడ కళాయి గురించి మరొక మాట. తినే పాత్రలకు పూసేది శుద్ధ తగరమై ఉండాలి. చౌకగా వచ్చినదని సీసం కలిసిన సోల్డరును పాత్రలకు పూయడం ఇంటిల్లిపాదికి విషం పెట్టడమే. రంగుటద్దాల పనిలో కూడా పిల్లలు ముట్టుకొనే వస్తువులకు, ఆభరణాలకు సీసం లేని సోల్డరు వాడాలి. తగరంతో కొద్దిగా రాగి గాని వెండి గాని కలిపిన అట్టి సోల్డరులు సుమారు 217 నుండి 227 డిగ్రీల వద్ద కరుగుతాయి. వేడి కొంత ఎక్కువ కావాలి, చేయి కొంత నిదానించాలి. అంతే భేదం.

చివరి మాట

పై దోషాలను తిరిగి పరిశీలించినచో ఒక సత్యం స్పష్టమవుతుంది. పదింటిలో అధిక భాగం సోల్డరు కరిగే సమయంలో బయటపడతాయి గాని అప్పుడు పుట్టినవి కావు. గాజును కోసినప్పుడు, కడిగినప్పుడు, రేకు చుట్టినప్పుడు జరిగిన అశ్రద్ధ చివరి ఘట్టంలో సాక్ష్యం చెబుతుంది. కాగిన పాత్రపై తగరం అంటనప్పుడు కళాయి పనివాడు తగరాన్ని నిందించడు, మళ్ళీ ఇసుక తీసుకొని తోముతాడు. మన విద్యార్థులు అతని నుండి నేర్చుకొనవలసినది ఇదే.

కళాశాలలో ఇట్టి చేతిపని తరగతి నెలకొల్పదలచినచో కార్యవర్గం వారు గమనించవలసిన విషయాలు స్వల్పమే. ఎదురెదురు కిటికీలు గల ఒక గది, దగ్గరలో నీటి కుళాయి, భూమికి సరిగా కలిపిన విద్యుత్తు తీగ, అందరికీ కంటి అద్దాలు ఉండాలి. చౌకరకపు ఐరనులు మూడింటికి బదులు వేడిని అదుపు చేయగల మంచిది ఒకటి ఉన్నా మేలు. ఖర్చు గాజుపైన గాక ముందుగా వీటిపైన చేయాలి. గాజు పగిలితే మరొక ముక్క తెచ్చుకోవచ్చును. కన్ను గాని ఆరోగ్యం గాని అట్లు తెచ్చుకొనలేము.

ఇక విద్యార్థులు చేయవలసినది ఒకటే. తాము చేసిన మొదటి పలకను వెలుగుకు ఎదురుగా పట్టి రంగులను చూచి సంతోషించిన పిదప, దానిని వెనుకకు త్రిప్పి అతుకులను కూడా చూడాలి. కొనుగోలుదారు చూడని ఆ వెనుకవైపు ఎట్లున్నదో దానిని బట్టియే పనివాని నిజాయితీని నిర్ణయించవచ్చును. కిటికీ క్రింద కూర్చొనే వారి క్షేమం ఆ నిజాయితీపైననే ఆధారపడి ఉన్నది.